లెక్క సరిపోయిన రోజు

దెయ్యాల కబుర్లు చెప్పేవాళ్ళంటే నాకు చిన్నప్పటి నుంచీ చిరాకు. మా వాట్‌గంజ్ కూలీ లైన్లలో ప్రతి సందుకీ ఒక దెయ్యం ఉంటుంది. దాన్ని చూసినవాడు మాత్రం ఎప్పుడూ తాగే ఉంటాడు. నేను ఈ బెంగాలీల ఊరి రేవు వీధుల్లోనే పుట్టి, పెరిగి, మొగుణ్ణి పోగొట్టుకుని, యాభై దాటాక అక్షరాలు దిద్దినదాన్ని. నాకు ఏ దెయ్యమూ కనబడలేదు. ఇప్పుడు రాస్తున్నది కూడా కంటికి కనబడిన సంగతి కాదు.

నేను పనిచేసేది ఒక పాత టీ గోదాములో. రెండో అంతస్తులో ఆడవాళ్ళం ఆకు జల్లించి, సంచుల్లో పోసి కుడతాం. అందరూ శ్రీకాకుళం వైపు వాళ్ళే. రోజూ ఎక్కేదీ దిగేదీ ముందు మెట్ల మీదే. వెనక కూడా మెట్లు ఉన్నాయి గానీ, వాటి కింద తలుపుకు ఎప్పుడూ తాళమే. తీసి ఉంచితే మేం టీ ఆకు కొంగున కట్టుకుపోతామట. కంపెనీ వారికి మా మీద ఉన్న మర్యాద అది.

ఎక్కడో గోదాము తగలబడిందని పేపర్లో పడ్డాక వీళ్ళకీ వణుకు పుట్టింది. హైదరాబాదు నుంచి సేఫ్టీ ఆఫీసరని ఒకణ్ణి తెచ్చారు. అతను డ్రిల్లు మొదలుపెట్టాడు. నిప్పంటుకుంటే ఎలా దిగాలో నేర్పడమట.

అంత బూటకం నేను ఎక్కడా చూడలేదు. ముందురోజే చాటింపు వేసేవారు. ఆడవాళ్ళు మంచి చీరలు కట్టి, పూలు పెట్టుకుని వచ్చేవారు. ఆ ఒక్కరోజు వెనక తలుపు తాళం తీసి, బందులకు నూనె పోసి, బార్లా తెరిచేవారు. గంట కొట్టగానే అందరూ అన్నం డబ్బాలు చంకన పెట్టుకుని, నవ్వుకుంటూ వెనక మెట్లు దిగేవారు. ఆఫీసరు ఫోటోలు తీసి పైవాళ్ళకు పంపేవాడు. చివర తలా ఒక సందేశ్ మిఠాయి, ఒక అరటిపండు. ప్రాణం కాపాడుకోవడం కాదు, పేరంటానికి వెళ్ళడం నేర్పారు.

నాలుగు ముక్కలు రాయడం వచ్చునని నా నెత్తిన ఒక ఆకుపచ్చ టోపీ పెట్టారు. మా అంతస్తువాళ్ళను ఆవరణలో నిలబెట్టి లెక్క చెప్పడం నా పని. నన్ను వదిలేస్తే పంతొమ్మిది మంది. నేను బస్తాలు లెక్కపెట్టినట్టే ఒక్కొక్కరి భుజం మీద చెయ్యి వేసి లెక్కపెట్టాను. లాభం, రెండు, మూడు... మావాళ్ళు కొలతలో ఒకటి అనరు, లాభం అంటారు.

ఇరవై వచ్చింది. మళ్ళీ మొదలుపెట్టాను. మళ్ళీ ఇరవయ్యే.

ఆఫీసరు దూరంగా నిలబడి వేలు చూపించి లెక్కపెట్టాడు. పంతొమ్మిది.

"పెద్దమ్మా, మీరు లాభం అన్నంక మళ్ల ఒకటి అంటున్నరు గావచ్చు" అన్నాడు.

"లాభం తరవాత రెండే బాబూ. నువ్వు పుట్టకముందు నుంచీ రెండే."

వరసలోంచి నర్సమ్మ కిసుక్కుమంది. టెక్కలి నుంచి మా లైన్లకు కోడలుగా వచ్చి ఎన్నాళ్ళో కాలేదు గానీ, నోరు మాత్రం పెద్దది. "అయితే అత్తా, ఆ ఎక్కువొచ్చిన సందేశ్ నాకిచ్చీ!"

ఎన్ని డ్రిల్లులు జరిగినా నా చేతికి ఇరవయ్యే. మొహాలు చూస్తే అన్నీ తెలిసినవే, కొత్త మనిషి లేదు. చెయ్యి తడబడుతోందనుకుని వదిలేశాను. ఎలాగూ ఆఫీసరు తన లెక్కే రాసుకునేవాడు.

ఒక మధ్యాహ్నం, అన్నాలు తిన్న కాసేపటికి, కింది అంతస్తులో స్విచ్చి బోర్డు పేలింది. ఎవరూ గంట కొట్టలేదు. ఎవరూ పూలు పెట్టుకోలేదు. పొగ ఒక్కసారిగా పైకి కమ్మేసింది. కొంగులు తడిపి మూతికి కట్టుకోమని కేకలేసి, అందరినీ ముందు మెట్ల మీదుగా దించాను. ఆవరణలో ఏడుపులు, దగ్గులు, మసి మొహాలు. ఎవరు ఎవరో తెలియడం లేదు. భుజాలు తడుముతూ లెక్కపెట్టాను.

పంతొమ్మిది.

ఆఫీసరుకి లెక్కపెట్టే తీరికే లేదు, చెవి దగ్గర ఫోను. "సరిపోయిందా?" అన్నట్టు చెయ్యి ఊపాడు. తల ఊపాను. అందరూ బయటికొచ్చేశారని అప్పుడే వచ్చిన ఫైరింజన్ వాళ్ళకు చెప్పేశాడు.

అప్పుడు తట్టింది. నా చేతికి లెక్క ఏనాడూ సరిపోలేదు. ఇవాళెందుకు సరిపోయింది? ఇరవయ్యో మనిషి అంటూ ఎవరూ లేకపోతే అందరూ బయట ఉన్నట్టే. ఉంటే, మాలో ఒకర్తె లోపల ఉన్నట్టు. జన్మంతా వెక్కిరించినదాన్ని అందరి ఎదుటా నమ్మాలి, లేదా నోరు మూసుకోవాలి.

"బాబూ, ఒకిర్తి నోపల ఉండిపోనాది" అన్నాను.

"లెక్క సరిపోయిందన్నరు గద!"

"సరిపోనాది గనకే చెప్తన్నాను!"

పిచ్చిదాన్ని చూసినట్టు చూశాడు. అతన్ని వదిలేసి, ఫైరింజన్ మనిషి చెయ్యి పట్టుకుని గుంజాను. "దాదా, ఏక్‌జన్ భేతొరే ఆఛే!" ఒకరు లోపలున్నారంటే అతను లెక్కలు అడగలేదు, పరిగెత్తాడు. నేను పేర్లు పెట్టి పిలవడం మొదలుపెట్టాను. నర్సమ్మ పలకలేదు.

వెనక మెట్ల కింద, తాళం వేసిన తలుపుకు ఆనుకుని పడిపోయి ఉందట. మోసుకొచ్చారు. బతికింది. ఆసుపత్రిలో మాట వచ్చాక, "డ్రిల్లులో ఎప్పుడూ అటే కదా దిగినాం అత్తా" అంది. మిగతా రోజుల్లో ఆ తలుపుకు తాళం ఉంటుందని ఆ పిల్లకు ఎవరూ చెప్పలేదు. ఆఫీసరుకు మాత్రం అందరినీ కాపాడాడని శాలువా కప్పారు.

ఇప్పుడు మా ఆడవాళ్ళు ఆ ఆవరణ గోడకు పసుపు రాసి, బొట్టు పెట్టి, ఇరవయ్యో తల్లి అని దండాలు పెడుతున్నారు. చూస్తే ఒళ్ళు మండుతుంది. ఎవరి తల్లి? నర్సమ్మ లోపల ఉంది కాబట్టి ఆ రోజు ఆవరణలో ఉన్నది పద్దెనిమిది మందే. ఆ ఇంకొకతె వచ్చి నిలబడకపోతే నాకు పద్దెనిమిదే వచ్చేది, ఆ క్షణమే గోల పెట్టేదాన్ని. అంతకుముందు డ్రిల్లులకు రాకుండా ఆ రోజే వచ్చి ఉంటే, నాకు అనుమానమే వచ్చేది కాదు, నర్సమ్మ చచ్చేది. అది పిల్లను కాపాడడానికి వచ్చిందో, పిల్ల చోటు కాజెయ్యడానికి వచ్చిందో ఆ దండాలు పెట్టేవాళ్ళకు తెలుసా? నాకైతే ఇప్పటికీ తెలియదు.

ఒక్కటి చెప్పగలను. ఆ రోజు నా అరచేతికి పంతొమ్మిది భుజాలు తగిలాయి. పంతొమ్మిదీ వెచ్చగానే ఉన్నాయి.