బంగారు అంచు కోసం కోసిన నాటకం

ఆ ఫ్రెంచి నాటకం గురించి ఎవరైనా గొప్పగా మాట్లాడితే నేను ఇప్పటికీ అక్కణ్ణించి లేచిపోతాను.

ఎనభైల మొదట్లో మేము అమెరికాలో, అరోరా అనే ఊళ్ళో ఉండేవాళ్ళం. నేను చదివింది కెమిస్ట్రీ. దొరికింది మాత్రం ఒక యూనివర్సిటీ లైబ్రరీలో పాత కాగితాలు బాగుచేసే ఉద్యోగం. చిరుగు మీద పల్చటి కాగితం పెట్టి, ఉడికించిన పిండి జిగురుతో అతికించాలి. “సినిమా పోస్టర్ల జిగురు కాయడానికా ఎమ్మెస్సీ చేసింది?” అని మావారి స్నేహితులు నన్ను ఏడిపించేవాళ్ళు.

ఆ నాటకం ఒక ధనవంతుడి ఇంటి అటక మీద దొరికింది. చేతిరాత ప్రతి, చాలా పాతది. రాసిందెవరో ఎక్కడా లేదు. మా ఫ్రెంచి ప్రొఫెసర్ దాన్ని చూసిన రోజే ఒక మహా రచయిత పేరు చెప్పేశాడు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే రకం ఆయన. ప్రతిని దానమిచ్చిన పెద్దమనిషికి కూడా ఆ పేరు తెగ నచ్చింది. తన అటక మీద అనామకుడి రాతలున్నాయంటే ఆయనకు నామోషీ కాదూ!

కాదన్నది ఒక్కతే. ఆ ప్రొఫెసర్ దగ్గరే పీహెచ్‌డీ చేస్తున్న ఆవిడ. పిల్లల్ని పెంచి పెద్దచేసి, నలభై దాటాక మళ్ళీ చదువుకు వచ్చిన మనిషి. రోజూ మధ్యాహ్నం మా గదిలో కూర్చుని, పేజీల అంచుల్లో ఉన్న రాతల్ని పెన్సిల్‌తో దించుకునేది. దించుకుంటూ నాకు ఇంగ్లీషులో చెప్పేది. ఒకచోట “ఈ మాటకు జనం నవ్వరు, తీసేయండి” అని ఉందట. ఇంకోచోట వేరే చేతిరాతలో “నాకు ఊపిరాడటం లేదు, ఇక్కడ ఒక పాట పెట్టండి” అని ఉందట.

నాకు భలే నవ్వొచ్చింది. మా మేనమామ పద్యనాటకాలు ఆడేవాడు. వాళ్ళ కాపీ కూడా అచ్చం ఇలాగే ఉండేది. కృష్ణుడు వేసేవాడు ఒక పద్యం చేర్చేవాడు, హార్మోనియం ఆయన రెండు కొట్టేసేవాడు. రాసిందెవరంటే అందరూ మీసం మెలేసేవాళ్ళే. ఆ సంగతి చెబితే ఆవిడ పెన్సిల్ కింద పెట్టేసింది.

“నా థీసిస్ కూడా అదే. ఇది ఒక్కడు రాసింది కాదు, ఆడినవాళ్ళంతా కలిసి రాసుకున్నది. ఈ అంచులే నా సాక్ష్యం” అంది.

అంచులకు ఫోటోలు తీయించమని ఆవిడ ప్రొఫెసర్‌ని అడుగుతూనే ఉంది. బైండింగ్ అయ్యాక శుభ్రంగా తీయిద్దామని ఆయన వాయిదా వేస్తూనే ఉన్నాడు.

దాతగారికి ఎర్ర తోలు అట్ట, బంగారు అంచు కావలసి వచ్చాయి. ప్రొఫెసర్ మా గదిలో మాటమాత్రం చెప్పకుండా ప్రతిని బయటి బైండరుకు పంపించాడు. అది తిరిగి వచ్చాక, ముందే దాని కొలతలకు నేను చేసి ఉంచిన పెట్టెలో పెట్టబోయాను. కొత్త తోలు అట్టతో పట్టదేమోనని నా భయం. పట్టడమే కాదు, లోపల అటూ ఇటూ జారింది.

గబగబా తెరిచాను. బంగారు రేకు అంటాలంటే కాగితాల అంచులు నున్నగా, సమంగా ఉండాలి. అందుకని మూడు వైపులా కోసేశారు. అంచుల్లో రాతలు లేవు. అక్కడక్కడా తెగిన అక్షరాల తోకలు మిగిలాయి. బంగారం మాత్రం ధగధగలాడుతోంది. నాకు అసహ్యమేసింది. పెళ్ళికని పిల్ల చెవులు కోసి కమ్మలు పెట్టినట్టుంది.

ఆవిడ వచ్చి చూసింది. ఏడవలేదు. వెళ్ళి ప్రొఫెసర్‌ని వెంటబెట్టుకొచ్చింది. ఆయన ఆ అంచుమీద వేలు రాస్తూ, “ఇప్పుడు కదా విలువైన వస్తువులా ఉంది” అన్నాడు.

“మరి నా థీసిస్?”

“మూలప్రతిలో లేనిదానికి నీ పెన్సిల్ రాతలు సాక్ష్యమెలా అవుతాయి?”

“నేనూ చూశాను. ఒకరి చేతిరాత కాదది” అన్నాను నేను.

“మీకు ఫ్రెంచి వచ్చా?” అని నవ్వాడు. చేతిరాతలు వేరువేరని చెప్పడానికి భాష రావాలా?

లైబ్రరీ పెద్దకు చెబితే దాత చాలా సంతోషంగా ఉన్నాడన్నాడు. ఇంట్లో చెబితే మావారు, “వాళ్ళ పాలిటిక్స్ నీకెందుకు? అనవసరంగా జాబ్ రిస్క్ చేసుకోకు. లైబ్రరీ వాళ్ళు డిన్నర్‌కి పిలిచారుగా, డీసెంట్‌గా అటెండ్ అయి వచ్చేద్దాం” అన్నారు. వెళ్ళాం. అద్దాల పెట్టెలో నాటకం, పక్కన మహా రచయిత పేరు, చుట్టూ వైన్ గ్లాసులు.

ఆవిడ థీసిస్‌ను కమిటీ తిప్పికొట్టింది. సాక్ష్యం లేదన్నారు. డిగ్రీ లేకుండానే యూనివర్సిటీ వదిలేసి ఒక హైస్కూల్లో ఫ్రెంచి చెప్పుకునేది.

మరుసటేడు ప్రొఫెసర్ వ్యాసం అచ్చయింది. బైండింగ్‌లో పోయిన అంచుల్లో మహా రచయిత తన నాటకాన్ని తానే దిద్దుకున్నాడట. అందుకు రుజువుగా, ఆవిడ తన థీసిస్‌తో పాటు ఇచ్చిన పెన్సిల్ కాపీలోని వాక్యాలన్నీ వరసగా పెట్టాడు. ఆవిడ పేరు లేదు. ఎవరో విద్యార్థిని రాసుకున్న నమ్మదగిన నకలు అని అడుగున చిన్న అక్షరాల్లో ఉంది.

ఆ పత్రిక పట్టుకుని ఆవిడే మా గదికి వచ్చింది. నేను చదివి, నోటికొచ్చిన తిట్లన్నీ తెలుగులోనే తిట్టాను. అర్థం కాకపోయినా ఆవిడ చివరిదాకా విని, పత్రిక మూసింది.

“మొత్తానికి నా నకలు నమ్మదగిందేనట” అంది.