కొత్తగూడ ఫ్లాట్‌లో మోగిన రికార్డు

ఈ సంగతి జరిగినప్పుడు నాకు అక్షరాలు రావు. అందుకే ఇన్నాళ్ళూ రాయలేదు. నోటితో చాలామందికి చెప్పాను. విన్నవాళ్ళందరూ తలా కొంచెం దానికి అతికించారు. అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ మల్లేశ్ నోట్లో పడేసరికి అందులోకి తెల్లచీర, ఎర్రకళ్ళు కూడా వచ్చాయి. నేను చూసినదాంట్లో చీరా లేదు, కళ్ళూ లేవు. మా బస్తీ కమ్యూనిటీ హాల్లో మధ్యాహ్నాలు టీచరమ్మ దగ్గర కూర్చుని చదువు నేర్చుకున్నాక, ముందుగా రాయాలనుకున్నది ఇదే. జరిగింది జరిగినట్టు ఒకచోట ఉండాలని.

దయ్యాలను నేను ఎప్పుడూ నమ్మలేదు. ఇళ్ళల్లో వంట పనికి కుదరకముందు లింగంపల్లి దగ్గర ఒక దవాఖానలో సఫాయి పని చేశాను. మనుషులు పోయిన మంచాలు కడిగాను, దుప్పట్లు మార్చాను. తోటి ఆడవాళ్ళు ఆ వరండాలో ఒంటరిగా నడవడానికి జంకేవాళ్ళు. నేను నడిచేదాన్ని. నా భర్త పోయినప్పుడు మాత్రం, ఒక్కసారైనా కనిపిస్తాడేమోనని చాలా రోజులు ఎదురుచూశాను. కనిపించలేదు. పోయినవాళ్ళు పోయినట్టేనని అప్పుడే తేల్చుకున్నాను.

మురళి సార్‌ది గోదావరి జిల్లా. కొత్తగూడలో ఒక అపార్ట్‌మెంట్ పై అంతస్తులో ఒక్కడే ఉండేవాడు. వయసు యాభై దగ్గర. పెళ్ళి చేసుకోలేదు. మాదాపూర్ కంపెనీలో ఉద్యోగం, కానీ ఎక్కువ రోజులు ఇంటి నుంచే పని. నేను పొద్దున్నే వెళ్ళి టిఫిను, వంట చేసి వచ్చేదాన్ని. నన్ను "యాదమ్మగారూ, మీరు" అని పిలిచేవాడు. అంతకుముందు ఎవరూ నన్ను అలా పిలవలేదు. మొదటిసారి పిలిచినప్పుడు నా వెనక ఇంకెవరైనా ఉన్నారేమోనని తిరిగి చూశాను.

ఆయన ఇంట్లో నల్లటి పెద్ద రికార్డులు తిప్పే మిషన్ ఒకటి ఉండేది. రికార్డులు ఒక అల్మారా నిండా ఉన్నా, పొద్దున పూట ఎప్పుడూ ఒకటే వినేవాడు. ఎప్పుడో పాతకాలంలో అమెరికాలో నలుగురు కుర్రవాళ్ళు కలిసి చేసిన మొట్టమొదటి రికార్డు అది. ఆ రకం పాటలను పోస్ట్-పంక్ అంటారట. నాకు మొదట్లో అవి పాటల్లాగే లేవు. డప్పు తడి లేకుండా పొడిపొడిగా మోగేది. దాని కింద లావు తీగ గిటార్ ఒకటి, ఎవరో పైమెట్ల మీద అటూ ఇటూ నడుస్తున్నట్టు ఉండేది. పైన సన్న గిటార్, కత్తిని సానరాయి మీద పెట్టినట్టు గీసేది. పాడేవాడు పాడడు, తలుపు దగ్గర నిలబడి ఎవరికో ఏదో చెప్పుకున్నట్టు ఉంటాడు. పాడుతున్నాడా, ఎవరితోనైనా కొట్లాడుతున్నాడా అని ఒకరోజు సార్‌ని అడిగాను. రెండూ అని చెప్పి చాలాసేపు నవ్వాడు. మల్లేశ్ అయితే లిఫ్ట్ దగ్గర నన్ను ఆపి ప్రతిసారీ అదే మాట.

"అక్కా, మీ సార్ పాట పెట్టిండా, లేకుంటే మిక్సీ ఖరాబైందా?"

సార్ చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని మీటింగులో కూర్చున్నాక, రికార్డు ఒక వైపు అయిపోయేది. అప్పుడు సూది చివర్లో తిరుగుతూ టిక్కు టిక్కుమని కొట్టుకుంటూ ఉండేది. ఆయనకు లేచే వీలుండదు. అందుకని నాకు నేర్పించాడు. పసుపు చేతులు కడిగి, తుడుచుకుని, సూది కాడను మెల్లగా లేపాలి. రికార్డును అరచేతులతో అంచులు పట్టుకుని తిప్పాలి. గీతల మీద వేలు పడకూడదు. కొన్నాళ్ళకు అది నా వంటలో భాగమైపోయింది. పప్పు ఉడికేలోపు మొదటి వైపు అయిపోతుంది. టిక్కు టిక్కు వినపడగానే నా కాళ్ళు వాటంతట అవే లేచేవి.

మొదటి వైపు మూడో పాటలో ఒకచోట సూది ఎగిరేది. పాడేవాడి మాట ఒకటి సగంలో తెగిపోయి, పాట ముందుకు దూకేది. కాలేజీ రోజుల్లో ఒక సీనియర్ అమెరికా నుంచి పెట్టెలో బట్టల మధ్య పెట్టి తెచ్చి ఇచ్చాడట, అప్పుడు పడిన గీత. ఆ తెగిన మాట ఏమిటో నేను అడగలేదు. వినీ వినీ, అలా తెగడమే పాట అనుకున్నాను.

ఇంత విచిత్రమైన దాన్ని ఎందుకు ఇన్నిసార్లు వింటారని ఒకసారి అడిగితే ఆయన చెప్పిన మాట నాకు ఇప్పటికీ గుర్తుంది.

"వీళ్ళకి సరిగ్గా వాయించడం రాదండీ. నేర్చుకుంటూనే చేసేశారు. ఇది విన్నాక ఎక్కడెక్కడి పిల్లలో, అయితే మనమూ చెయ్యొచ్చన్నమాట అనుకుని మొదలుపెట్టారు."

మీరెందుకు మొదలుపెట్టలేదు సార్ అన్నాను. ఆయన కాఫీ గ్లాసు తీసుకుని లోపలికి వెళ్ళాడు.

ఒక ఆదివారం సార్‌కు గుండె నొప్పి వచ్చింది. దవాఖానకు చేరేసరికే అయిపోయిందని సోమవారం నేను పనికి వెళ్ళినప్పుడు మల్లేశ్ చెప్పాడు. అప్పటికే ఊరికి తీసుకుపోయారు. నేను చేతి సంచితో గేటు దగ్గరే నిలబడ్డాను. ఏ దిక్కుకు నడవాలో తెలియలేదు.

కర్మలన్నీ అయ్యాక ఆయన అక్కయ్య రాజ్యలక్ష్మిగారు ఫ్లాట్ ఖాళీ చేయడానికి వచ్చారు. తల్లి చిన్నప్పుడే పోతే తమ్ముణ్ణి ఆమే పెంచిందట. నేను సాయానికి వెళ్ళాను. వంటగది తప్ప మిగతా సామానంతా అట్టపెట్టెల్లో కట్టాము. మిషన్‌ను బుడగల కవరు చుట్టి, పెట్టెలో పెట్టి, పైన టేపు వేసింది నేనే. రికార్డులు వేరే పెట్టెలో. సార్ ఆఫీసు స్నేహితుడు ఒకాయన అవన్నీ తీసుకుంటానన్నాడు, మర్నాడు సాయంత్రం వస్తానన్నాడు.

ఆమె పని చేస్తూ చేస్తూ మధ్యలో ఆగిపోయేవారు. రెండోసారి టీ ఇచ్చినప్పుడు నోరు విప్పారు.

"కాకి ముట్టలేదమ్మా యాదమ్మా. గోదావరి ఒడ్డున ఎంతసేపు నిలబడ్డామో. ఆఖరికి పంతులుగారు దర్భతో కాకిని చేసి ముట్టించేశారు. గడ్డి కాకి ముట్టుకుంటే మావాడు వచ్చినట్టేనంటావా?"

తమ్ముడు ఏళ్ళుగా ఇంటికి రాలేదని, ఫోన్‌లో కూడా అవసరమైనంతే మాట్లాడేవాడని చెప్పారు. కోపంతోనే పోయాడా, అది తెలియకపోతే తనకు నిద్ర పట్టదన్నారు. నేను చూస్తూ ఊరుకోలేకపోయాను. మా పాలమూరు దిక్కు ఎట్లా చేస్తామో చెప్పాను.

"మా దిక్కు మనిషి బతికిన తావుల పెడ్తమమ్మా. ఇష్టమున్నయి వండి, మనసుల ఏమున్నదని పిట్టను అడుగుతం. ఆయన ఈడనే గదా బతికిండు. రేపు పొద్దుగాల జర చూద్దాం."

మర్నాడు పొద్దున ఫ్లాట్‌కు తాళం వేసి, తాళంచెవి నడుముకు దోపుకుని, ఇద్దరం టెర్రస్ ఎక్కాము. మెట్ల తలుపు పక్కన నీడలో విస్తరి వేశాము. ఆమె గారెలు, పనసపొట్టు కూర వండారు. చిన్నప్పుడు ప్రాణం పెట్టేవాడట. నేను ఆయన రోజూ తినే పెరుగన్నం, నిమ్మకాయ, చక్కెర లేని కాఫీ పెట్టాను. ఆమె నా గ్లాసు వంక, నేను ఆమె గారెల వంక చూసుకున్నాము. ఇద్దరికీ ఇద్దరు వేరే మనుషులు పోయినట్టు ఉంది.

పావురాలు రాకుండా ఆ చుట్టుపక్కల ప్రతి బాల్కనీకీ వలలు. కాకులు మాత్రం రెండు, పక్క బిల్డింగ్ నీళ్ళ ట్యాంకు మీద కూర్చుని ఇటే చూస్తున్నాయి. రాలేదు. ఆమె దండం పెట్టి, ఏడాదేడాదీ నీ పేరు మీద అన్నదానం చేస్తానురా అన్నారు. అమ్మ ఫోటో పక్కన నీ ఫోటో పెడతానన్నారు. నేను కూడా, సార్, వంటలో ఏమన్నా తక్కువ చేసి ఉంటే మన్నించమన్నాను. కాకులు కదల్లేదు. ఫ్లైఓవర్ మీద ఆఫీసుల రద్దీ మొదలైంది.

చివరికి ఆమె చీర చెంగు తలమీద వేసుకుని, నేల మీదే కూలబడి చెప్పడం మొదలుపెట్టారు. నాకు కాదు, విస్తరికి.

"నీ గిటార్ ఎవరూ ఎత్తుకుపోలేదురా మురళీ. నేనే కాలవలో పారేయించాను."

ఆ అమెరికా రికార్డు విన్న దగ్గర్నుంచి ఇంజనీరింగ్ మానేస్తాను, స్నేహితులతో కలిసి వాయిస్తాను అన్నాడట. అమ్మ లేని పిల్లాడు చెడిపోతే లోకం తనను అంటుందని భయపడ్డారట. దొంగలు పడ్డారని చెప్పారు. అతను నమ్మినట్టే తలూపాడు. మళ్ళీ ఎప్పుడూ దాని మాట ఎత్తలేదు. చదువు పూర్తి చేసి హైదరాబాద్ వచ్చేశాడు.

ఆమె ఈ మాటలు మొదలుపెట్టిన కాసేపటికి నాకు కింద నుంచి డప్పు వినిపించింది. పొడిపొడిగా. తర్వాత మెట్ల మీద నడుస్తున్నట్టు లావు తీగ. మెట్ల తలుపు తెరిచి ఉంది, దాని కిందే సార్ ఫ్లాట్. ఎవరో ఫోన్‌లో పెట్టుకున్నారేమో అనుకున్నాను. ఆమె మాట మధ్యలో ఆపడం ఇష్టం లేక కదలకుండా కూర్చున్నాను. మొదటి పాట అయిపోయింది. రెండోది. ఆమె చెబుతూనే ఉన్నారు. ఆమెకు ఏమీ వినిపిస్తున్నట్టు లేదు. మూడో పాటలో ఆ చోటు వచ్చింది. మాట సగంలో తెగి, పాట ముందుకు దూకింది.

ఆ గీత ప్రపంచంలో ఒక్క రికార్డు మీదే ఉంది. దాన్ని నేను పెట్టెలో పెట్టి టేపు వేశాను.

ఆ వైపు పాటలు అయిపోవడం, ఆమె మాటలు అయిపోవడం ఒకసారే జరిగాయి. కళ్ళు తుడుచుకుని, చెవి ఒగ్గి ఆమె అడిగారు.

"ఏంటమ్మా అది, టిక్కు టిక్కుమంటోంది?"

అంతసేపూ పాట వినని మనిషి అది విన్నారు. నా కాళ్ళు అలవాటు కొద్దీ లేచాయి. మెట్లు దిగాను. తాళం తీసేదాకా లోపల టిక్కు టిక్కుమంటూనే ఉంది. తలుపు తోశాను. లేదు.

హాలు ఖాళీ. పెట్టెలు నేను పెట్టినచోటే ఉన్నాయి. మిషన్ పెట్టె టేపు చూశాను, ఎక్కడా లేవలేదు. ఎదురు ఫ్లాట్‌కు కిరాయిదారులు లేక నెలలుగా తాళం ఉంది. రికార్డుల పెట్టె చించి, మూలన కాఫీ మరక ఉన్న అట్టను బట్టి దాన్ని బయటికి తీశాను. మామూలుగానే ఉంది. వేడీ లేదు, ఏమీ లేదు. దాన్ని పట్టుకుని ఆ ఖాళీ హాల్లో కాసేపు నిలబడ్డాను. భయం వేయలేదు. తిప్పి పెడదామంటే మిషన్ పెట్టెలో ఉందే అని మాత్రం అనిపించింది.

పైకి వెళ్ళేసరికి ఆమె గోడకు ఆనుకుని నిలబడి, నోటికి చెంగు అడ్డం పెట్టుకుని ఉన్నారు. విస్తరి మీద కాకి ఉంది. ఏది ముందు ముట్టిందో నేను అడగలేదు.

కాకి ఎగిరిపోయాక, ఆ అమెరికా రికార్డు ఇదేనని చెప్తే ఆమె నా చేతిలోంచి తీసుకున్నారు. అటూ ఇటూ తిప్పి చూశారు.

"ఇంతేనా ఇది?" అన్నారు. మళ్ళీ నాకే ఇచ్చేశారు. "నీ దగ్గరే ఉంచు యాదమ్మా. మా ఇంట్లో దీన్ని తిప్పడం ఎవరికీ రాదు."

తర్వాత చాలామంది చాలా చెప్పారు. వినీ వినీ అలవాటైన చెవికి అలా అనిపించిందన్నారు. సరే, నా చెవి సంగతి అదే కావచ్చు. ఎన్నడూ ఆ పాట వినని ఆమె చెవికి టిక్కు టిక్కు ఎలా వినిపించింది? కాకి సంగతి కూడా, ఆకలేసి వచ్చిందంటే కాదనలేను. దయ్యాలను నేను ఇప్పటికీ నమ్మను. అది ఏమిటో మాత్రం నాకు తెలియదు. టీచరమ్మను అడిగాను, ఆమెకూ తెలియదు.

ఆ మర్నాడు పొద్దున నాకు పని లేదు. బస్తీలో నా గదిలో, వెళ్ళాల్సిన చోటు లేకపోయినా అదే వేళకు లేచాను. స్టవ్ మీద పప్పు పెట్టాను. కొత్తగూడ నుంచి తెచ్చిన రికార్డు సామాన్ల బల్ల మీద, అట్టలోంచి తీసి, మొదటి వైపు పైకి ఉండేలా పెట్టి ఉంచాను. గదిలో ఏ చప్పుడూ లేదు, కుక్కర్ బుసలు తప్ప. పప్పు ఉడికింది. నేను లేచి చేతులు కడుక్కుని, తుడుచుకుని, అరచేతులతో అంచులు పట్టుకుని, వేలు గీతల మీద పడకుండా దాన్ని రెండో వైపుకు తిప్పి పెట్టాను.