గంగులు తవ్విన గొయ్యి

శృంగవరపుకోట దారిలో గంగులు పేరు తెలియని రైతు లేడు. ముప్పై ఏళ్లలో యాభై నూతులు తవ్వాడు మరి. బంకమన్ను దాటి గులక తగిలేదాకా పలుగు పక్కన పెట్టే రకం కాదు. ఊట పడ్డాక ఆసామి అతని తలకు కొత్త తువ్వాలు చుట్టాలి, అది ఆనవాయితీ. తన పేటకున్న ఒక్క నుయ్యీ అతను తవ్విందే.

పంతొమ్మిది వందల అరవై ఎనిమిది ఎండాకాలంలో ఆ నుయ్యి కంపు కొట్టడం మొదలెట్టింది. కడవలో పోసి ఉంచితే పైన పసుపుపచ్చ తెట్టు, గంజి వారిస్తే గంజిలోనూ అదే వాసన. ఛీ, గొడ్డు కూడా మూతి తిప్పుకుపోయే నీళ్లు! గతిలేక తాగినవాళ్లకు కడుపులు కదిలిపోయాయి. గంగులు భార్య దాలమ్మ మంచాన పడింది.

"నీ నూతి నీల్లు నోట ఎట్టుకోలేకపోతన్నాను. ఇంకో గుక్క తాగితే సచ్చిపోతాను" అంది.

పేటకు ఎగువనున్న తోళ్ల ఫ్యాక్టరీవాళ్లు మాత్రం తమ మురుగు చుక్క కూడా గడప దాటదని బుకాయించారు. సిగ్గులేని మాట!

చివరికి నీళ్లు ఎక్కడ చెడుతున్నాయో తేల్చడానికి వేంకటాచలం అనే సర్వే ఆఫీసరు వచ్చాడు. మేకులు కొట్టే పనికి గంగులు కుదిరాడు. నాలుగు ఇనప మేకులు వరసగా దిగ్గొట్టి, బ్యాటరీ కరెంటు పంపి, పెట్టెలో ముల్లు చూడటం. ఉప్పు మురుగు చేరిన నేలలో కరెంటు సులువుగా పారుతుందట, అంకె పడిపోతుందట. నూతి దగ్గర నుంచి ఫ్యాక్టరీ వైపు నడిచేకొద్దీ అంకె పడిపోతూనే ఉంది. దొంగ దొరికాడన్న కసితో, ఫ్యాక్టరీవాళ్లను నోటికొచ్చినట్టు తిడుతూ గంగులు సుత్తి ఆడించాడు.

గోడ వెనక మురుగు గొయ్యి. కుళ్లిన కండ ముక్కలు, సున్నం, వెంట్రుకలు, నురగ. అక్కడ ముల్లు అట్టడుక్కి పోయింది.

వేంకటాచలం గోతి అంచు పరిశీలించి తల పట్టుకున్నాడు. "బంకమన్ను ఉంచితే మురుగు ఆగిపోయేది. గులకదాకా చీల్చి వదిలారు. ఊళ్లో నూతులన్నింటికీ ఊట ఆ గులకలోంచే కదా! ఎవడయ్యా తవ్వింది?"

గంగులు సుత్తి ఆగిపోయింది. రెండేళ్ల కిందట మేనేజరు గొయ్యి అడిగితే, నుయ్యి తవ్వినట్టే గులకదాకా తవ్వాడు. మురుగు పోసింది పోసినట్టు ఇంకిపోతుంటే నేలే మింగేస్తోందని అతను అనుకున్నాడు; మేనేజరు మురిసిపోయి కొత్త తువ్వాలు చుట్టాడు. ఇప్పుడు తలకున్నది అదే. తన చేతులు చూసుకుంటే తనకే అసహ్యం వేసింది.

"నానే బాబూ" అన్నాడు, తువ్వాలు లాగి పారేస్తూ. "ఇంటికెల్లి దాలమ్మకి ఏటని సెప్పమంటారు?"