రజియా ఆపా, ఫిందఖ్ కొమ్మ

తాండూరులో బంధువుల ఇంట ఉండగా పూర్వవిద్యార్థిని ఒకతె వచ్చి, "టీచరమ్మా, మన రజియా ఆపా పోయింది" అన్నది. చెవులు విన్నాయి గాని మనసు అంగీకరించలేదు. మొన్ననే గదా వికారాబాదు స్టేషనులో నన్ను రైలెక్కిస్తూ, "జల్ది రా చెల్లె, నువ్వు లేకుంటే చాయ్ మంచిగనిపియ్యది" అన్నారు! నేను చేరేసరికి ఖననం కూడా ముగిసింది.

మా బాలికల పాఠశాలలో ఆమె చిత్రలేఖనోపాధ్యాయిని, నేను తెలుగు ఉపాధ్యాయిని. అంతకు ముందునుంచే ఇరుగుపొరుగువాళ్లం. ఆమె ఇంట ఒక పురాతన విలాయతి చిత్రం ఉండేది. ఫిందఖ్ అనే గింజల చెట్టు కొమ్మ అది. ఇంగ్లీషులో హేజెల్‌నట్ అంటారట. రంపపు పళ్ల వంటి అంచులున్న గుండ్రని ఆకులు, తోకల్లా వేలాడే పూగుత్తులు, కుచ్చుల తొడుగులో ఒదిగిన కాయలు, పక్కనే చీల్చి చూపిన పప్పు. ఏనాటి చిత్రకారుడో చేత్తో రంగులద్దిన అపురూపసృష్టి. తోటల దారోగాగా, అంటే పర్యవేక్షకుడిగా, పనిచేసిన తండ్రి దాన్ని ముందు పెట్టి ఆమెకు గీత నేర్పారట.

1948 పోలీసు చర్య తరువాత ఆపా అన్నగారు కరాచీ వెళ్లిపోదలచి, చెల్లెలినీ రమ్మన్నారు. "గీ పిల్లలను ఇడిసి యాడికొస్త భాయ్‌జాన్?" అన్నారామె. అయితే తండ్రి గుర్తుగా ఆ చిత్రమైనా ఇమ్మన్నారాయన. ఆపా వాదించలేదు. వెలుగున్నంతసేపూ వసారాలో కూర్చుని దానికి నకలు గీసుకున్నారు. నేను పలకరిస్తే, "జర ఆగు చెల్లె, ఆకు అంచు మీదున్న" అనేవారు తలెత్తకుండానే.

ప్రయాణం నాడు రెండింటినీ పక్కపక్కన పరిచారు. అన్నగారు చాలాసేపు చూసి, ఒకదాన్ని చుట్టి చంకన పెట్టుకున్నారు.

"భాయ్‌జాన్, గది నేను గీసింది! అసలుది ఇది."

"ఎరుకే. అబ్బాజాన్ బొమ్మ నీ తాననే ఉండనీ. నాకు నీ చేతి గీత గావాలె."

ఆపా కంట నీరు నేను చూసింది ఆ ఒక్కనాడే.

ఆ చిత్రాన్ని ఆమె ఇంట్లో దాచుకోలేదు. తరగతి గోడకు తగిలించారు. ఒకనాడు వేళ్లతో సహా పెరికిన, పూతమీదున్న కందిమొక్కను తెచ్చి బల్లమీద పెడితే పిల్లలు కిసుక్కున నవ్వారు.

"గిది గూడ బొమ్మ గీసే చెట్టేనా ఆపా?"

"గా దేశమోళ్లు వాళ్ల చెట్టుకు ఎంత మర్యాద చేసిన్రో చూడున్రి. మన కందికేం తక్కువ బిడ్డా?"

పసుపుపచ్చని పూరేకు వెనుక సన్నని ఎర్రగీతలుంటాయని, కందిచేల నడుమ పెరిగిన ఆ పిల్లలు ఆనాడే గమనించారు. నేనూ ఆనాడే.

కిందటేడు హైదరాబాదులో నాలుగు ఫిందఖ్ గింజలు దొరికితే పట్టుకొచ్చాను. జీవితమంతా గీసిన గింజను ఆపా మొదటిసారి అరచేత పట్టుకున్నారు. అటూ ఇటూ తిప్పి, చిత్రంతో పోల్చి, పగలగొట్టి నమిలారు. "బొమ్మ మస్తు సచ్చా గీసిండు," అని, కాసేపటికి నవ్వుతూ, "రుచికైతే మన పల్లీలే నయం" అన్నారు.

కోరిన పని చేస్తూ, కోరిన ఊళ్లో, సంతృప్తితో గడిచిన జీవితం ఆమెది. ఆ స్థానంలోకి మరొకరు రావచ్చు. ఆ చూపు తిరిగి రాదు.

సెలవు ముగిశాక ఆమె తరగతికి నేనే వెళ్లాను. ఏం గీయాలని అడిగారు పిల్లలు. "మీ ఆపాను గీయండి," అన్నాను. పోలికలు ఒక్కరికీ సరిగా కుదరలేదు. కాని ప్రతి కాగితం మీదా ఆమె తల వంచి, దేన్నో శ్రద్ధగా చూస్తూ ఉన్నారు.