రసీదులో లేని వేగం

ఆవిడ ఆసుపత్రి నర్సులకి యూనిఫారాలు కుడుతుంది. మెడలో కొలత టేపు లేకపోతే వీధిలో ఎదురైనా పోల్చుకోలేమని ఇరుగుపొరుగు ఆటపట్టిస్తారు. చిన్నప్పుడు ఆగిపోయిన చదువు మీద మనసు చావక, నలభై మూడో ఏట పదో తరగతి పరీక్షకి ఫీజు కట్టింది. ఆదివారం పొద్దున పెద్దవాళ్ళ క్లాసుకి వెళ్ళేది. లెక్కలంటే మాత్రం గుండె దడ.

"గుడ్డ వృథా కాకుండా కత్తిరించే చెయ్యి, నీకు లెక్కలు రాకపోవడమేంటమ్మా!" అనేవాడు మాస్టారు.

ఓ ఆదివారం ఆయన బోర్డు మీద ఇలా రాశాడు. వేగ పరిమితి గంటకి యాభై కిలోమీటర్లు. దాటితే జరిమానా ఐదు వందలు, దాటిన ప్రతి కిలోమీటరుకీ మరో ఇరవై. ఒకడు తొమ్మిది వందలు కట్టాడు. ఎంత వేగంతో వెళ్ళాడు?

"రేట్లు నేను కల్పించినవి కావు, మన పెద్ద రోడ్డు మీద ఐదేళ్ళుగా రాసి ఉన్నవే," అన్నాడు. "వెనకనుంచి రండి. ఐదు వందలు తీసేస్తే నాలుగు వందలు. ఇరవైతో భాగిస్తే ఇరవై. యాభైకి కలపండి."

"డెబ్భై," అంది ఆవిడ అందరికంటే ముందు. క్లాసంతా చప్పట్లు కొట్టింది. ఆ సంతోషం ఇల్లు చేరేదాకా కూడా నిలవలేదు.

మూడేళ్ళ కిందట అమ్మని కంటి డాక్టరు దగ్గర్నుంచి తీసుకొస్తూ తమ్ముడి వ్యాను ఆ పెద్ద రోడ్డు మలుపులోనే బోల్తాపడింది. అమ్మ అక్కడికక్కడే పోయింది. "టైరు పేలిందక్కా. యాభై మీద ఒకటో రెండో దాటిందేమో, అంతే," అన్నాడు తమ్ముడు. మలుపుకి ముందున్న కెమెరా తీసిన ఫోటోతో పదిరోజులకి నోటీసు వస్తే, వాడే వెళ్ళి జరిమానా కట్టి, నోటీసు చింపేశాడు. రసీదు అమ్మ కాగితాల సంచిలో ఉండిపోయింది. అందులో డబ్బెంతో ఉంది గానీ వేగమెంతో లేదు. అప్పట్నుంచి వాడు స్టీరింగు ముట్టలేదు. గోడౌనులో పనికి నడిచే వెళ్తాడు.

రసీదు బయటికి తీసింది. పదమూడు వందలు. బల్ల మీద సుద్దతో రాసింది. ఐదు వందలు పోతే ఎనిమిది వందలు. భాగిస్తే నలభై.

తొంభై!

మళ్ళీ చేసింది. తొంభయ్యే.

ఆ తర్వాత మిషను తొక్కుతుంటే అందులో వ్యాను చప్పుడే వినిపించేది. పాదం దానంతటదే వేగం పెంచేది, కుట్టు వంకరపోయేది. వెనక కుర్చీలో అమ్మ కళ్ళజోడు తుడుచుకుంటున్నట్టనిపించి, తిరిగి చూడ్డానికి భయపడి అలాగే కూర్చునేది.

నాలుగో రోజు తమ్ముడొచ్చాడు. రసీదు వాడి ముందు పెట్టింది.

"తొంభైరా."

"ఎవరు చెప్పారు?"

"నేనే లెక్క కట్టాను. మూడేళ్ళు నా మొహం చూస్తూ అబద్ధం ఎలా చెప్పావురా?"

వాడు గోడవైపు తిరిగి, "నువ్వు ఫోన్ చేశావు కదక్కా," అన్నాడు.

ఆవిడకి గుర్తొచ్చింది. ఆ రోజు యూనిఫారాలు ఐదింటికల్లా ఆసుపత్రికి చేరాలి. వాటిని తీసుకెళ్ళాల్సిన తమ్ముడి వ్యాను జాడ లేదు. ఫోన్లో విసుక్కుంది: "నత్తలా ఏంట్రా ఆ నడపడం? కాస్త తొక్కు!" పక్కన అమ్మ నవ్వడం కూడా వినిపించింది.

"టైరు పేలలేదు. మలుపులో నేనే తిప్పలేకపోయాను," అన్నాడు వాడు. "నిజం చెప్తే ఆ మాట నిన్ను బతకనివ్వదని..."

ఆవిడ వాడి చెయ్యి పట్టుకుంది. తిట్టడానికీ, తప్పు నాదనడానికీ కూడా నోరు రాలేదు. వాడే చిన్నపిల్లాడిలా వెక్కివెక్కి ఏడ్చాడు.

ఆవిడ పరీక్ష పాసైంది. లెక్కల్లో అరవై ఒకటి. ఇప్పుడు కంటినిండా నిద్రపడుతోందని తమ్ముడు అన్నాడట. ఆవిడకే పట్టడం లేదు. వాడు భోజనానికొచ్చే రోజుల్లో ఎక్కడున్నావని గాని, ఎంతసేపని గాని ఆవిడ అడగదు. వండినవన్నీ చల్లారిపోయినా సరే, వీధి తలుపు తీసిపెట్టి కూర్చుంటుంది.