మల్లన్న నోట నా మాట

ఇన్నేళ్లుగా ఒక మాటను మోస్తున్నాను. మొదట్లో బరువు తెలిసేది. రోజూ మోసే నీళ్లబిందెకు నడుము అలవాటు పడినట్టు, ఇప్పుడు అదీ తెలియడం లేదు. అందుకే భయమేసి చెబుతున్నాను. తప్పు చేసినదానికి నొప్పి కూడా పోతే ఇంకేం మిగులుతుంది?

మీరెవరో నాకు తెలియదు. తెలిసినవాళ్లకు చెప్పగలిగితే ఎప్పుడో చెప్పేదాన్ని.

మాది సూర్యాపేటకూ కోదాడకూ మధ్య ఒక పల్లె. గొర్లు కాసుకునే ఇల్లు. వరికోతలయ్యాక మా ఆయన మందను కాలువ కింది పొలాలకు తోలుకుపోయేవాడు, మిర్యాలగూడ వైపో హుజూర్‌నగర్ వైపో. అక్కడి రైతులు పిలిచి తమ మడిలో మంద పెట్టించుకుంటారు. జీవాలు ఒక రాత్రి పడుకున్న మడికి ఆ ఏడు వేరే ఎరువు అక్కర్లేదంటారు. అలా మడి నుంచి మడికి, ఊరి నుంచి ఊరికి నెలలు గడిచిపోయేవి. నేను ఇంట్లో చంటిపిల్లతో ఉండేదాన్ని.

వచ్చిన రోజైనా అన్నం ముందు కూర్చుంటే గొర్ల సంగతులే. ఏది ఈనింది, ఏది కుంటుతోంది, ఏది అలిగి మేత ముట్టలేదు. గొర్రె అలుగుతుందా? ఆయన గొర్రెలు అలిగేవి. నేను అలిగితే మాత్రం ఆయనకు తెలిసేది కాదు. అందులో ఒకటి బొల్లిది, ముఖాన తెల్లమచ్చ. తల్లి చస్తే సీసాపాలు పట్టి పెంచాడు. దాని ఊసెత్తితే ఆయన గొంతే మారిపోయేది. గొర్రె మీద ఈర్ష్యపడిన ఆడదాన్ని మీరెప్పుడైనా చూశారా? చూడకపోతే నేనున్నాను.

నాకు కావలసింది పెద్దదేం కాదు. సూర్యాపేటలో మా అక్క ఉండేది. బావ పొద్దుగూకేసరికి ఇంటికి వచ్చేవాడు, చేతిలో మిర్చి బజ్జీల పొట్లం. ఇద్దరూ అరుగు మీద కూర్చుని, కారానికి ఉస్సు ఉస్సుమంటూ తినేవాళ్లు. సుఖమంటే అదేననుకున్నాను. అది చూసి ఊరికి తిరిగొచ్చిన ప్రతిసారీ మా ఇంట్లో అన్నం సహించేది కాదు. మందను అమ్మేయమని ఎన్నోసార్లు అడిగాను. నవ్వేవాడు. "జీవాలు లేకుంటె నేను పొద్దుగాల లేసి ఏం జెయ్యాలెనే?" అనేవాడు. ఆ మాట నేను అప్పుడు వినలేదు. చెవిన పడింది, అంతే.

ఆ ఏడు మా ఇంట్లో మల్లన్న పండుగ చేశాం. వాకిట్లో రంగుపొడులతో పట్నం ముగ్గు వేశారు. పూజారి కథ చెబుతున్నాడు, డోళ్లు మోగుతున్నాయి. మిట్టమధ్యాహ్నం. మాలో అలాంటప్పుడు ఆడవాళ్ల మీదికి దేవుడు వస్తాడు. శివమూగుతారు. ఆ వేళ ఆ నోట వచ్చింది దేవుడి మాటే. మొగుడైనా మామైనా చేతులు కట్టుకుని వినాల్సిందే.

నేను లేచి ఊగాను. మొదట్లో నిజంగానే ఒళ్లు అదిరిందేమో, ఆ డోళ్ల మోతకు నాలో ఏదో కదిలిందేమో అని చాలా ఏళ్లు నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. ఊగడం సంగతి ఇప్పటికీ తెలియదు. మాటలు మాత్రం నావి. గిన్నెలు తోముతూ, పిల్లను పండబెడుతూ, చాలా రోజులుగా లోపల నూరుకున్నవి.

"మంద నాది. ఇడిసిపెట్టు. పట్నం బోయి బతుకు. లేకుంటె నీ బిడ్డ నీకు దక్కది," అన్నాను.

బిడ్డను ఎందుకు లాగాను? లాగకపోతే వినడని తెలుసు గనక.

డోళ్లు ఆగిపోయాయి. ఆయన వచ్చి నా ముందు మోకాళ్ల మీద కూర్చుని చేతులు జోడించాడు. ఆ కళ్లు నన్ను చూడలేదు. నా లోపల ఉన్నాడనుకున్న దేవుణ్ణి చూశాయి.

"తండ్రీ, నేనేం తప్పు జేసిన్నో జెప్పు. దిద్దుకుంట."

"మంద ఇడువు."

"ఇడుస్త. నీ మాట దాటుతనా? ఒక్కదాన్ని ఉంచుకోనా తండ్రీ? బొల్లిదాన్ని. అది నన్నిడిసి ఉండది."

"వద్దు," అన్నాను.

ఆ ఒక్కదాన్ని ఎందుకు వద్దన్నాను? ఒకటి ఉంటే మళ్లీ మంద అవుతుందని భయం. అంతేనా? అంతే కాదు. కట్టుకున్న పెళ్లాన్ని ఏనాడూ ఏదీ అడగని మనిషి ఒక గొర్రె కోసం అలా బతిమాలుతుంటే, నా కడుపు మండింది. ఆ మంటకు దేవుడి పేరు పెట్టాను.

వారం తిరక్కముందే కోదాడ నుంచి బేరగాడు లారీ తెచ్చాడు. బొల్లిది ఎక్కనని మొరాయిస్తే ఆయనే ఎత్తి ఎక్కించాడు. లారీ పోయాక తొట్టి దగ్గర చాలాసేపు చేతులు కడుక్కున్నాడు.

మిర్యాలగూడ వచ్చేశాం. ఆయనకు ఒక బియ్యం మిల్లు గేటు దగ్గర కాపలా పని దొరికింది. పొద్దుగూకేసరికి ఇంటికి వస్తాడు. నేను ఒకసారి అడిగానని బజ్జీల పొట్లం తెస్తాడు. ఇద్దరం అరుగు మీద కూర్చుని తింటాం. కోరుకున్నది కోరుకున్నట్టే దొరికింది. బాగున్నాయా అంటే బాగున్నయ్ అంటాడు. అలక లేదు, కోపం లేదు, తాగుడు లేదు. చెప్పుకునే సంగతులు కూడా లేవు. ఒక్కసారి నామీద విరుచుకుపడితే బాగుండునని చూశాను. కానీ మా మధ్యకు దేవుణ్ణి తెచ్చింది నేను. దేవుడితో ఎవరు పోట్లాడతారు?

ఒకసారి చుట్టాలింటికి కోదాడ పోతుంటే మంద అడ్డొచ్చి బస్సు ఆగింది. అందరూ విసుక్కున్నారు. ఈయన లేచి కిటికీ పట్టుకుని నిలబడ్డాడు. చాలా ఏళ్ల తర్వాత ఆ ముఖంలో ప్రాణం చూశాను. "ఒకటి కడుపుతోటున్నది. దాన్ని గంత దూరం నడిపియ్యొద్దు," అన్నాడు. బస్సు కదిలింది. కూర్చున్నాడు. కోదాడ దాకా నేను నా చేతిగాజులు చూసుకుంటూ ఉండిపోయాను.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. దేవుడు పలికిన మనిషినని మా వీధి ఆడవాళ్లు నా దగ్గరికి వస్తారు. "అక్కా, ఇంట్ల మనసు వడ్తలేదు, ఏం జెయ్యమంటవ్?" అని అడుగుతారు. ఆదివారం దీపం పెట్టుకోమంటాను. తేలు కుట్టిన దొంగలా కూర్చుని ఊరందరికీ మందు చెబుతాను. వాళ్లు తేలికపడి వెళ్తారు. నాకేమీ అనిపించదు.

మా అమ్మాయి సూర్యాపేటలో ఉద్యోగం చేస్తుంది. ఈ మధ్య వచ్చినప్పుడు ఫోన్‌లో ఏదో చూసి, సంతోషం రోజువారీ చిన్న చిన్న వాటిలోనే ఉంటదట, రోజూ ఒకటి గుర్తుచేసుకోవాలట అంది. "నాయినా, ఇయ్యాల నీకేం మంచిగనిపించింది?" అని అడిగింది. ఆయన నా వైపు చూశాడు, తప్పు చెబుతానేమో అన్నట్టు. "అన్నం మంచిగున్నది," అన్నాడు.

నేను లేచి వంటింట్లోకి వెళ్లాను. ఎవరూ నేర్పకుండానే ఆ సంతోషం ఆయన దగ్గర ఉండేది. పొద్దున లేచి ఎటు నడవాలో తెలిసేది, రాత్రి చెప్పుకోవడానికి ఏదో ఒకటి ఉండేది. నేను నా సుఖాన్ని అక్క అరుగు మీద వెతికాను. దానికోసం ఆయనది లారీ ఎక్కించాను.

మొన్న పండుగకు ఊరికి వెళ్లాం. అందరూ తిని లేచాక నేను విస్తర్లు ఎత్తుతున్నాను. ఆయన దగ్గరికి వచ్చి, తలకు చుట్టిన కండువా తీసి చేతిలో పట్టుకున్నాడు.

"జర మల్లన్నను అడుగుతవా? బిడ్డ పెద్దగైంది. ఇప్పుడన్న ఒక్క గొర్రెపిల్లను సాదుకోనిస్తడేమో."

సరే అనాలంటే దేవుడి నోరు మళ్లీ అరువు తెచ్చుకోవాలి. లేదంటే నా నోటితో నిజం చెప్పాలి. రెండూ నా వల్ల కాలేదు. విస్తర్లు ఎత్తుతూనే ఉన్నాను. ఆయన "దేవునికి ఇంక కోపం పోనట్టున్నది," అని, కండువా చుట్టుకుని వెళ్లిపోయాడు.

మొదటిసారికి చెప్పుకోవడానికి వయసుంది, ఒంటరితనం ఉంది. ఈసారికి ఏముంది?

క్షమించమని మిమ్మల్ని అడగను. నేను చెడు చేసింది మీకు కాదు. కానీ ఇది చెబుతుంటే గుండెలో ఎక్కడో సన్నగా నొప్పి మొదలైంది. చాలా కాలమైంది ఇలా తెలిసి. ఉండనీ.

వాకిట్లో సైకిల్ స్టాండు వేసిన చప్పుడైంది. ఆయనే. బజ్జీల పొట్లం నా చేతికిచ్చి, సల్లారకముందే తినమంటాడు.