మా లారీ హీటర్ ప్లగ్గులు

పెళ్లయ్యాక నేను మూసాపేటలో కాపురానికి వచ్చేసరికి చలికాలం మొదలైంది. మా ఆయన అంతకు ముందే కృష్ణా జిల్లా నుంచి వచ్చి, ఎవరో వాడి వదిలేసిన డీజిల్ లారీ ఒకటి కొన్నారు. కోకాపేట వైపు తోటల నుంచి కూరగాయలు, జామకాయలు పట్నం మార్కెట్‌కి తోలేవారు. చలి తగ్గాక ద్రాక్ష తోలేవారు. దారిలో మాదాపూర్ చుట్టుపక్కలంతా బండరాళ్లు, సీతాఫలం పొదలు. పొద్దున్నే వెళ్తే ఎదురుగా ఒక్క బండి కూడా రాదని చెప్పేవారు.

ఆయన నాతో మాట్లాడేది చాలా తక్కువ. అన్నం దగ్గర "చారు బాగుంది" అనేవారు, లేదా ఏమీ అనేవారు కాదు. కోపం మనిషి కాదు. కొత్త పెళ్లాంతో ఏం మాట్లాడాలో తెలియదంతే. నాకూ తెలియదు.

ఆ లారీకి ఒక జబ్బు ఉండేది. పగలు ఎండలో తాళం తిప్పగానే లేచేది. చలి పొద్దుల్లో మాత్రం ఎంత సెల్ఫ్ కొట్టినా గుర్రుగుర్రుమని మూలిగి, తెల్లటి పొగ వదిలి ఊరుకునేది. అందుకే ఆయన దాన్ని ఇంటి ముందున్న దిబ్బ మీద, ముందు చక్రాలు పల్లానికి పెట్టి నిలిపేవారు. తెల్లవారుతూనే బ్రేకు వదిలి దొర్లిస్తే సగం దారిలో ఇంజన్ అందుకునేది. అందుకోకపోతే ఇరుగుపొరుగు వాళ్లు దుప్పట్లు కప్పుకునే వచ్చి తోసేవాళ్లు. మాకు గది కిరాయికిచ్చిన పెద్దావిడ కూడా పాలు పిండడం ఆపి వచ్చి ఓ చెయ్యి వేసేది.

"గీ బండికంటే నా బర్రెలే నయం బిడ్డా. మేత ఏస్తే లేస్తయి," అనేది నాతో.

ఒకరోజు పొద్దున చూస్తే దిబ్బ కింద ఎవరిదో జొన్నచొప్ప బండి బోల్తా పడి ఉంది. చొప్పంతా దారికి అడ్డం. లారీని దొర్లించే వీల్లేదు. తోటలో వంకాయలు కోసి ఎదురుచూస్తుంటారు. ఆయన నా వైపు తిరిగి, "నువ్వు పైకెక్కి, నేను చెప్పినప్పుడు సెల్ఫ్ కొడతావా?" అన్నారు.

అదే నేను ఆ లారీ ఎక్కడం మొదటిసారి. ఏది నొక్కాలో చూపించారు. తర్వాత బానెట్ ఎత్తి, గాలి పీల్చుకునే చోట మూత తీసి, డీజిల్‌లో ముంచిన గుడ్డను కర్రకు చుట్టి వెలిగించారు. లోపలికి వెచ్చటి గాలి పోతే ఇంజన్ లేస్తుందని ఆయన లెక్క. చాలామంది డ్రైవర్లు చేసే పనే.

"కొట్టు!"

కొట్టాను. ఇంజన్ ఒక్కసారి పెద్దగా దగ్గి, పీల్చుకోవలసిన మంటను బయటికి ఊదింది. ఆయన అరుపు వినపడి దూకేశాను. ఆయన చొక్కా కుడిచెయ్యి మండుతోంది. నేను చేరేలోపే ఇంటావిడ బర్రెల కుడితి బకెట్ ఎత్తి ఆయన మీద కుమ్మరించింది. మంట ఆరింది. ఒంటి నిండా తవుడు, తెలగపిండి. ఆ అవతారంలోనే దవాఖానకు వెళ్లి, మోచేయి దాకా కట్టు కట్టించుకుని వచ్చారు.

"నేను నొక్కబట్టే కదండీ," అన్నాను.

"నువ్వు నేను చెప్పినట్టే చేశావు. తప్పు ఇంజన్‌ను వేడెక్కించాల్సిన ప్లగ్గులది," అన్నారు. "కాదు, వాటిని పట్టించుకోని నాది."

చెయ్యి మానేదాకా బండి తోలడానికి ఆయన స్నేహితుడు, పక్క వీధిలో ఉండే డ్రైవరు, ఒప్పుకున్నాడు. కానీ ఒక మాట చెప్పాడు. "వదినా, నడుపుడుకు ఫికర్ లేదు. రోజూ పొద్దుగాల ఊరోళ్లను లేపి తోపిచ్చుడు మాత్రం నాతోని కాదు. జర బాగు చేయించుండ్రి."

మా బండి చూసే మెకానిక్ ఊరెళ్లాడు. ఆయన కుడిచెయ్యి కట్టులో ఉంది. మధ్యాహ్నం అన్నం కలిపి పెడుతుంటే హఠాత్తుగా అడిగారు, "నీకు పానా పట్టుకోవడం వచ్చా?"

"మీరు చూపిస్తే వస్తుంది."

అలా మొదలైంది. డ్రైవర్ సీటు ముందు చిన్న జాలీ, దాని వెనక ఒక తీగ. ఇంజన్‌లో ఆరు హీటర్ ప్లగ్గులు. తాళం తిప్పి కాసేపు పట్టుకుంటే కరెంటు ఒక ప్లగ్గులోంచి ఇంకో ప్లగ్గులోకి పారి, అన్నీ వేడెక్కి, చివరికి ఆ జాలీ వెనక తీగ ఎర్రబడాలి. అప్పుడు సెల్ఫ్ కొట్టాలి. వాటిలో ఏ ఒక్కటి తెగినా కరెంటు అక్కడే ఆగిపోతుంది, మిగతావీ చల్లగానే ఉంటాయి. కొన్నప్పటి నుంచీ ఆ తీగ ఎర్రబడలేదట. అమ్మినవాడు ఈ బండి ఇంతే అన్నాడని ఆయన అలాగే వదిలేశారు.

ఆయన సీట్లో కూర్చుని ఎడమచేత్తో తాళం తిప్పి పట్టుకున్నారు. నేను చీర కొంగు బిగించి, లావుపాటి రాగి తీగతో ఒక్కో ప్లగ్గు రెండు కొసలనూ కలుపుతూ పోయాను. తెగిన ప్లగ్గు దగ్గర కరెంటు నా తీగ మీదుగా దాటిపోతుందని, అక్కడ దొంగ దొరుకుతుందని ఆయన చెప్పారు.

"ఎర్రబడిందా?"

"లేదు."

ఇంకోటి.

"ఇప్పుడు?"

"ఊహూ."

మూడో దానికి తీగ తగిలించగానే చిన్న నిప్పురవ్వ లేచింది. చెయ్యి లాక్కోబోయాను.

"తియ్యకు, తియ్యకు! ఎర్రబడుతోంది! వచ్చి చూడు!"

"నేనొస్తే తీగెవరు పట్టుకుంటారండీ?"

ఆయన పగలబడి నవ్వారు. ఆయన అంత గట్టిగా నవ్వగలరని నాకు అప్పటిదాకా తెలియదు.

ఆ ప్లగ్గు ఊడదీయడానికి నా బలం చాల్లేదు. పానాకు గొట్టం తొడిగి లాగమన్నారు. కిర్రుమని తిరిగింది. కొస తీగ కాలి తెగిపోయి ఉంది. మిగతావి కూడా తీసి చూస్తే మసి గట్టిపడి పెచ్చులు కట్టింది. కిరోసిన్‌లో నానబెట్టి, పాత పళ్ల బ్రష్‌తో, కొస వంగకుండా మెల్లగా తోమాను. తోముతున్నంతసేపూ ఆయన పక్కన మెట్టు మీద కూర్చుని కబుర్లు చెబుతూనే ఉన్నారు. చిన్నప్పుడు రైసుమిల్లు ఇంజన్ చూడటానికి బడి ఎగ్గొట్టడం, మొదటిసారి స్టీరింగ్ పట్టుకుంటే కాళ్లు అందకపోవడం, ఈ ఊరు వచ్చిన కొత్తలో వంట రాక అటుకులు తిని పడుకోవడం. నేనూ నా సంగతులు చెప్పాను. చీకటి పడి వంట గుర్తొచ్చేదాకా చెప్పుకుంటూనే ఉన్నాం.

మర్నాడు స్నేహితుడు పట్నం నుంచి కొత్త ప్లగ్గు తెచ్చిచ్చాడు. బిగించాను. ఆ మర్నాటి పొద్దున చెరువు మీద నుంచి మంచు దిగి లారీ అద్దమంతా చెమ్మగా ఉంది. స్నేహితుడు తాళం తిప్పి పట్టుకున్నాడు. కిటికీ దగ్గర నేనూ, నా పక్కన ఆయన, వెనకాల చెంబు పట్టుకుని ఇంటావిడ. జాలీ వెనక తీగ మెల్లగా కుంకుమరంగుకొచ్చింది.

"ఇప్పుడు," అన్నారాయన.

రెండు గుర్రులకే ఇంజన్ లేచింది. ఇంటావిడ లారీని ఎగాదిగా చూసి, "అయితే ఇగ మమ్మల్ని లేపవు గద!" అంది. ఆ మాటకు అందరం నవ్వాం.

ఆయన చెయ్యి మానింది కానీ చిటికెన వేలు మళ్లీ పూర్తిగా ముడుచుకోలేదు. రాత్రి అన్నం దగ్గర మాత్రం మాటలకు కొదవ లేకపోయింది. ఏ తోటలో ఎవరు ఏమన్నారు, ఏ బండ పక్కన నెమలి కనపడింది, ఇంజన్ ఏ గొంతుతో పలికింది, అన్నీ చెప్పేవారు. ఏటా చలి మొదలవగానే ప్లగ్గులు తీసి శుభ్రం చేయడం నా పనైపోయింది.

కొన్నేళ్లకు ఇంకో లారీ తీసుకుని దీన్ని అమ్మేశాం. కొనడానికి వచ్చిన మనిషి చుట్టూ తిరిగి చూసి, "చలికి లేస్తదా అన్నా?" అని అడిగాడు.

"దాని సంగతి నన్నడక్కు," అని మా ఆయన ఇంట్లోకి తిరిగి నన్ను పిలిచారు.

నేను చేతులు తుడుచుకుంటూ వచ్చి బానెట్ ఎత్తమన్నాను.